చుట్ట మానేస్తానని ఒట్టేసిన నూకాలమ్మ పన్ను

రూట్ కెనాల్ చేసిన పన్ను ఇంకా నొప్పిగా ఉందని వచ్చిన మనిషితో, "అదెలా ఉంటుందండీ, నరం తీసేశాం కదా" అనే డాక్టర్లను చూస్తే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. రిటైరయ్యాను. బీపీ మాత్ర వేసుకుంటున్నాను. "ఇంకా నీకెందుకే ఆ గొడవ" అని మా ఆయన అంటూనే ఉంటాడు. అయినా మండుతుంది. నొప్పి ఆ మనిషిది. అది ఉందో లేదో తేల్చే హక్కు మనకెవరిచ్చారు?

కొత్తగా డెంటల్ డిగ్రీ పూర్తిచేసిన పిల్లలు కొందరు ఈ మధ్య ఇంటికొచ్చి, అనుభవాలు రాయమన్నారు. నేను ఏ సభలో మాట్లాడానో, ఎవరు శాలువా కప్పారో మీకు అక్కర్లేదు. ఆ శాలువాలు బీరువా అడుగున ఉన్నాయి, ఉండనివ్వండి. నేను ఒక్క పన్ను గురించి రాస్తాను. విశాఖపట్నం మల్కాపురంలో చేపలమ్మే నూకాలమ్మ పన్ను అది. మన తెలివితక్కువతనానికీ మన నోటి దురుసుకీ అన్యాయంగా బలైపోబోయిన పన్ను.

ఇంకొకరి కుర్చీ దగ్గర

నాకు సొంత క్లినిక్ ఎప్పుడూ లేదు. నేను చేసింది రూట్ కెనాల్ ఒక్కటే. సూదులూ, చిన్న మోటారూ, కళ్ళకు పెట్టుకునే భూతద్దాలూ బ్యాగులో సర్దుకుని, ఎవరు పిలిస్తే వాళ్ళ క్లినిక్‌కి వెళ్ళేదాన్ని. పొద్దున పెందుర్తి అయితే సాయంత్రం మల్కాపురం, ఆదివారం వస్తే తగరపువలస. ఆయిల్ ట్యాంకర్ల మధ్య స్కూటరు నడిపీ నడిపీ నా చీరలన్నీ ఒకటే రంగుకొచ్చాయి.

మామూలు కేసులు ఆయా క్లినిక్‌ల వాళ్ళే చేసుకునేవారు. మొండికేసినవి నా దాకా వచ్చేవి. ప్రతిచోటా ఒకటే పాట. "బాగానే చేశాం మేడం. ఎక్స్‌రే చూడండి, ఎంత శుభ్రంగా ఉందో. కానీ నొప్పి అంటోంది." ఎక్స్‌రేని నమ్ముతారు, మనిషిని నమ్మరు. నా ఉద్యోగ జీవితంలో సగం ఈ వాక్యం వింటూనే గడిచింది.

ముందు అడగండి

స్టీల్ ప్లాంటులో పనిచేసే సత్యారావు గారని ఒకాయన ఉండేవారు. రూట్ కెనాల్ అయిన మర్నాటి నుంచి ముద్ద నమలలేకపోతున్నాననీ ప్రాణం పోతోందనీ గోల. అక్కడి డాక్టరు పన్ను మళ్ళీ తెరవడానికి అన్నీ సిద్ధం చేసుకుని కూర్చున్నాడు. నేను వెళ్ళి, "ఎప్పుడు నొప్పి పెడుతుందండీ?" అన్నాను.

"పళ్ళు రెండూ కలిత్తేనే మేడమ్. ఊరికే ఉంటే ఏటీ నేదు" అన్నారాయన.

నీలం కాగితం కొరికించి చూస్తే పన్ను మీద ఒకచోట ముద్దగా అచ్చు పడింది. పైన వేసిన ఫిల్లింగు ఎత్తుగా ఉంది. నోరు మూసినప్పుడల్లా దెబ్బంతా దానికే తగులుతోంది. కాస్త అరగదీశాను. వారం తిరక్కుండా ఆయన జంతికలు నమిలారు. తెరిచి ఉంటే బాగున్న పన్నుని చేజేతులా పాడుచేసేవాళ్ళు.

నొప్పులన్నీ ఒకటి కావు. పని జరిగిన వేరు కొస చుట్టూ కొన్నాళ్ళు సలుపు ఉండటం సహజం. రోజురోజుకీ తగ్గుతూ ఉంటే ఆగండి. తగ్గకుండా అలాగే ఉంటే, తగ్గి మళ్ళీ మొదలైతే, చిగురు ఉబ్బితే మాత్రం ఆగకండి. వేరు నిలువునా చీలిపోయిన పళ్ళూ ఉంటాయి. చిగురు చుట్టూ కొలతపుల్ల పెట్టి చూస్తే అన్నిచోట్లా పైపైనే ఆగి, ఒక్కచోట సర్రున లోతుకు దిగిపోతుంది. అలాంటివి నేనే దగ్గరుండి పీకించాను. చీలిన పన్నుని నిలబెడతామని మనిషిని నెలల తరబడి తిప్పుకునేవాళ్ళ మీద కూడా నాకు కోపమే. పీకడం తప్పని నేననను. ఎందుకు నొప్పో తెలుసుకోకుండా పీకడం తప్పు.

అది తెలియాలంటే రోగి చెప్పాలి. రోగి చెప్పాలంటే మనం చెప్పనివ్వాలి. మల్కాపురంలో తగలబడింది అక్కడే.

రిసెప్షన్‌లో అమ్మవారు

మల్కాపురం క్లినిక్ యజమాని పేరు ఎందుకు గానీ, పెద్దాయన అందాం. చెడ్డవాడు కాదు. హస్తవాసి మంచిది. రిఫైనరీ కూలీలనీ, చేపలవాళ్ళనీ విసుక్కోకుండా చూసేవాడు. కానీ ఆయనకొక గొప్ప ఉండేది. చుట్ట తాగే ఆడవాళ్ళ చేత ఒట్టు వేయించేవాడు.

ఈ ప్రాంతం కాని వాళ్ళ కోసం చెబుతాను. మా వైపు పాతతరం ఆడవాళ్ళు, ముఖ్యంగా చేపల పనిలో ఉన్నవాళ్ళు, చుట్టని తిరగేసి తాగుతారు. వెలిగించిన కొస నోటి లోపల ఉంటుంది. గాలికి ఆరదు, చేతులు రెండూ పనికి ఖాళీగా ఉంటాయి. అడ్డపొగ అంటారు. ఆ నిప్పు వేడికి నోటి పైభాగం, అంగుడు, కమిలిపోయి తెల్లబారి, ఎర్ర చుక్కలు లేస్తాయి. కొందరికి క్యాన్సరవుతుంది. ఎంతోమందిని నా కళ్ళారా చూశాను. కాబట్టి నేను చుట్టని వెనకేసుకొస్తున్నానని ఎవరూ అనుకోవద్దు.

రిసెప్షన్ బల్ల మీద పైడితల్లమ్మ ఫొటో ఉండేది. అడ్డపొగ తాగే మనిషి వస్తే, వరసలో కూర్చున్న జనమంతా చూస్తుండగా, ఆ ఫొటో అద్దం మీద చెయ్యి వేయించి "ఇక ముట్టను" అనిపించేవారు. అప్పుడే లోపలికి పిలుపు. నేను ఒకసారి ఇదేం పద్ధతండీ అని అడిగాను.

"మన మాట వినరు మేడం. అమ్మవారికైతే భయపడతారు. సైకాలజీ" అని నవ్వాడు పెద్దాయన.

నాకు ఆ నవ్వు నచ్చలేదు. ఒంట్లో బాగోలేదని వచ్చిన మనిషిని నలుగురిలో నిలబెట్టి సిగ్గు తియ్యడం ఏ సైకాలజీ? మానమని చెప్పడం మన పని. మానలేకపోతే మళ్ళీ చెప్పాలి, దారి చూపించాలి. దేవుడి చేత బెదిరించడం మనకెవరూ నేర్పలేదు.

"ఊరికే వత్తాది"

నూకాలమ్మకి ఎడంపక్క పై దవడ పన్నుకి రూట్ కెనాల్ చేసింది సుప్రియ. పెద్దాయన దగ్గర కొత్తగా చేరిన పిల్ల. శ్రద్ధ ఉన్నదే, ఎవరి దగ్గర పనిచేస్తే వాళ్ళలా తయారయ్యే వయసు. పన్ను మీద క్యాపు, మా భాషలో కిరీటం, కూడా పెట్టేశారు. వారాలు గడిచినా నొప్పి పోలేదు. కోడలు దేవిని వెంటబెట్టుకుని నూకాలమ్మ మళ్ళీ మళ్ళీ వచ్చేది.

"ఎప్పుడు వస్తోంది నొప్పి?" అని అడిగేది సుప్రియ.

"ఊరికే వత్తాది తల్లీ."

"నమిలితేనా?"

"నేదు."

"వేడి టీ తాగితేనా?"

"నాను టీ ఆరబెట్టుకునే తాగుతాను. కూడూ సల్లారినాకే తింతాను."

"మరి ఏం చేస్తే వస్తోంది?"

"ఏటీ సెయ్యకపోయినా వత్తాది."

పన్ను మీద తట్టి చూస్తే నొప్పి లేదు. వాపు లేదు. ఎక్స్‌రే బాగుంది. ఏదో నరాల జబ్బేమోనని మాత్రలు రాశారు. ఆ మత్తుకి ఆవిడ చేపల గంప ముందు కూర్చునే కునికిపాట్లు పడేదట. నొప్పి మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. చివరికి పెద్దాయన తేల్చేశాడు. పన్ను పీకేద్దాం, తర్వాత స్క్రూ పన్ను పెట్టొచ్చు.

ఆ సాయంత్రం నేను వెళ్ళేసరికి నూకాలమ్మ కుర్చీలో ఉంది. మత్తు సూది పక్కన పెట్టి ఉంది. "మీరు కూడా ఒక మాట చెబితే ఆవిడ ధైర్యంగా ఉంటుంది మేడం" అని పెద్దాయన బయటికి వెళ్ళాడు.

నేను నోరు తెరిపించి చూశాను. కుడిపక్క నమిలే పళ్ళు పైనా కిందా ఎప్పుడో పోయాయి. ఆవిడ తిండంతా ఎడంపక్కే. అక్కడ పైన ముందూ వెనకా పళ్ళు కదిలిపోతున్నాయి, గట్టిగా ఉన్నది ఈ పన్నే.

"ఇది కూడా తీసేస్తే నమలడానికి ఉండదమ్మా, తెలుసా?" అన్నాను.

"పీకీమ్మా. బేగి పీకీ."

"ఏం తింటావు మరి?"

"గంజి తాగుతాను. నాను సేసినదానికి అదే ఎక్కువ."

నా చెయ్యి అక్కడే ఆగిపోయింది. పన్ను కాపాడమని బతిమాలేవాళ్ళని చూశాను, భయపడి పారిపోయేవాళ్ళని చూశాను. శిక్ష వెయ్యమని అడిగే మనిషిని ఎప్పుడూ చూడలేదు. "నువ్వేం చేశావు?" అని అడిగాను. ఆవిడ రిసెప్షన్ వైపు తెరిచి ఉన్న తలుపుకేసి చూసి, చప్పున తల తిప్పుకుంది.

సుప్రియనీ దేవినీ బయట కూర్చోమని తలుపు వేశాను. నోటి దగ్గరికి వంగినప్పుడే నాకు చుట్ట వాసన తగిలింది. తాగుతున్నావా అని అడగలేదు. అడిగితే లేదనే అంటుంది, ఇంకేమంటుంది?

"మా నానమ్మది భీమిలి పక్క. అడ్డపొగ నోట్లో పెట్టుకునే చేపలు తోమేది. నిప్పు ఎప్పుడూ కుడి దవడకే పెట్టేది. నువ్వు ఏ పక్క పెడతావు?" అన్నాను, చేతులు కడుక్కుంటూ.

"నాను ఎడం పక్కేనమ్మా" అంది మామూలుగా. అనేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నేను స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాను. ఆవిడ కొంగు దించి చెప్పింది.

"అమ్మోరి మీద సెయ్యేసి ఒట్టేసినానమ్మా. రెండ్రోజులు ఆగినాను. మరి నావల్ల అవనేదు. సుట్ట నోట్లో ఎట్టగానే ఈ పన్ను అందుకుంతాది. పారేసినా తగ్గదు, సానసేపు లాగతాది. అమ్మోరే పొడుత్తంది. ఒట్టు తప్పినదాన్ని, ఒగ్గుద్దేటి? పన్ను ఇచ్చీత్తే తల్లి సాంతించుద్దని..."

ఆవిడ మాట పూర్తి చెయ్యలేకపోయింది. నాకు కోపం ముంచుకొచ్చింది. ఆవిడ మీద కాదు.

వేడి నీళ్ళు

పిల్లలూ, మీకు ఈపాటికి అర్థమై ఉండాలి. వేడి తగలగానే నొప్పి, వేడి తీసేసినా చాలాసేపు లాగడం, ఇది లోపల నరం బతికి ఉందని చెప్పే నొప్పి. మొదటి సంవత్సరం పుస్తకాల్లో లేకపోవచ్చు గానీ మూడో సంవత్సరంలో ఉంటుంది. ఈ ఒక్క మాట ఆవిడ నోట మొదటిరోజే వచ్చి ఉంటే, మాత్రలూ లేవు, సూదీ లేదు. కానీ ఆ మాట చెప్పాలంటే ముందు తాగుతున్నానని ఒప్పుకోవాలి. ఒప్పుకునే వీల్లేకుండా ఆ నోటికి మనమే తాళం వేశాం. తాళం వేసి, ఏం చేస్తే నొప్పి అని మళ్ళీ మనమే అడిగాం.

అయినా చెప్పింది కదాని నమ్మేసి పన్ను తెరవకూడదు. నొప్పి పక్క పన్నుదీ కావచ్చు. ఒక్కో పన్ను చుట్టూ విడిగా రబ్బరు తెర బిగించి, దానిమీద వేడి నీళ్ళు పోసి చూశాను. ముందు పన్నుకి ఏమీ లేదు. వెనక పన్నుకి వేడి తెలిసింది, నీళ్ళు పీల్చెయ్యగానే పోయింది. కిరీటం పెట్టిన పన్ను మీద పోసి ఆగాను. కాసేపటికి నూకాలమ్మ నా మణికట్టు పట్టుకుంది. నీళ్ళు పీల్చేశాక కూడా వదల్లేదు.

"ఇదేనమ్మా. ఇదే నొప్పి" అంది, తెర తీసేశాక. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. తర్వాత అడిగింది. "నువ్వు పోసినవి ఏటి?"

"వేడి నీళ్ళు."

"ఉత్త నీళ్ళేనా? సుట్ట కాదు గదా?"

"ఉత్త నీళ్ళే."

ఆవిడ పైకప్పు కేసి చూసింది. "అయితే అమ్మోరు కాదన్నమాట" అంది మెల్లిగా. ఆ తర్వాత ఏడ్చిన ఏడుపు వేరు. ఇన్ని వారాలూ ఈ మనిషి పంటి నొప్పితో పాటు దేవత కోపాన్ని కూడా నోట్లో పెట్టుకుని చేపలమ్మింది. దానికి ఏ మాత్ర రాస్తాం మనం?

ఎక్స్‌రే మళ్ళీ తీయించాను, ఈసారి పక్క నుంచి, ఏటవాలుగా. ముందువైపు వేరులో నింపిన మందు నడిమధ్యన లేకుండా ఒక పక్కకి జరిగి ఉంది. అంటే రెండో పక్కన నరం నడిచే ఇంకో దారి ఉంది. పై దవడ నమిలే పన్నుకి వేర్లు మూడే అయినా, ఆ ముందు వేరులో చాలామందికి రెండు దారులుంటాయి. రెండోది సన్నగా ఉంటుంది, దొరకదు. దొరక్కపోవడం నేరం కాదు, నాకూ దొరకనివి ఉన్నాయి. వెతకాల్సిన కారణాన్ని నోరెత్తనివ్వకపోవడమే నేరం.

పెద్దాయన వచ్చి అంతా విన్నాడు. ఆయన నోట వచ్చిన మొదటి మాట ఇది.

"అంటే ఒట్టేసి కూడా తాగుతోందన్నమాట. చూశారా మేడం, ఎలాంటివాళ్ళో."

"ఒట్టు సంగతి నాకొద్దు. మీరు పీకబోయిన పన్నులో ఒక దారి అసలు ముట్టుకోనే లేదు. ఇది చూడండి."

"ఆవిడ నిజం చెప్పకపోతే మాదేం తప్పు?"

"చెప్పనిచ్చారా? ఊరందరి ముందూ అమ్మవారి మీద చెయ్యి వేయించారు. ఇక డాక్టరుతో ఏం చెబుతుంది? నిజం చెబితే దేవతకి దొంగ, చెప్పకపోతే పన్ను పోతుంది. పన్నే పోనీ అనుకుంది ఆ తల్లి. మీ సైకాలజీ బాగా పనిచేసింది."

ఆయన ముఖం ఎర్రబడింది. "మీరు కన్సల్టెంటు మేడం. ఇది మా క్లినిక్" అన్నాడు.

"కన్సల్టెంటునే. పిలిచారు, చూశాను. పీకక్కర్లేదు."

మర్నాటి నుంచి నన్ను పిలవడేమో అనుకున్నాను. పోతే పోనీ అనుకున్నాను కూడా. చేతిలో పనున్నవాళ్ళకి విశాఖపట్నంలో కుర్చీలకి కొదవా?

నోరు తెరవడం

కిరీటం మీద నుంచే దారి చేసుకుని పన్ను తెరిచాం. నా భూతద్దాలు సుప్రియకి పెట్టి పక్కన నిలబెట్టాను. కొంత గోకగా గోకగా, మిగతా దారుల పక్కన వెంట్రుక మొనంత చుక్క కనిపించింది. అతి సన్నని సూది దించి తీస్తే కొసన ఎర్రగా తడి. చచ్చిందనుకున్న పన్నులో రక్తం. సుప్రియ భూతద్దాలు తీసి చేతిలో పట్టుకుంది.

"మేడం, ఒట్టు వేయించేటప్పుడు ఆవిడ చెయ్యి పట్టుకుని ఫొటో మీద పెట్టింది నేనే" అంది.

నేను ఊరడించలేదు. ఊరడించవలసింది ఆ పిల్లని కాదు. "గుర్తుంచుకో" అన్నాను, అంతే.

నూకాలమ్మకి ఒకటి మాత్రం విడమరిచి చెప్పాను. పంటి నొప్పి వేరు, అంగుట్లో మచ్చ వేరు. పన్ను బాగుపడితే చుట్టకి అనుమతి దొరికినట్టు కాదు. అంగుట్లో ఒకచోట ఎరుపు నాకు నచ్చలేదు, ముక్క తీయించి పరీక్షకి పంపాలి. "అది మాత్రం నీ చుట్ట చేసిన పనే. అమ్మవారికి సంబంధం లేదు" అంటే, ఆవిడ మొదటిసారి నవ్వింది.

పని పూర్తయి, దారులన్నీ నింపి మూసేశాక ఆవిడ మళ్ళీ చూపించుకోవడానికి వచ్చిన రోజు నేనూ ఉన్నాను. పెద్దాయన నన్ను పిలవడం మానలేదు. సారీ కూడా చెప్పలేదు. పైడితల్లమ్మ ఫొటో ఉన్నచోటే ఉంది, రోజూ దండ మారుతోంది. దాని మీద ఎవరి చెయ్యీ వేయించడం మాత్రం మానేశారు. ఎప్పుడు మానేశారో, ఎవరు చెప్పారో నేను అడగలేదు.

"సుట్ట ఎట్టినా, వేడన్నం తిన్నా ఏటీ నేదంటంది మా అత్త. మొన్న ఎండు సేపలు నమిలీసింది" అంది దేవి. ముక్క పరీక్ష రిపోర్టూ వచ్చింది. క్యాన్సర్ లేదు. కానీ మారుతున్న కణాలున్నాయి. ఇలాగే తాగితే అటు తిరగొచ్చు, వదిలేస్తే వెనక్కి తగ్గే అవకాశం ఉంది. ఇప్పుడు అసలు పని మొదలు. ఈ మనిషి మనకి రోజూ నిజం చెబితే తప్ప ఆ పని ముందుకి సాగదు.

సుప్రియ ఆవిడ పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. "ఇప్పుడు తాగుతున్నావా అమ్మా?" అని అడిగింది.

నూకాలమ్మ తలుపు వైపు చూసింది. నా వైపు చూసింది. కొంగు సవరించుకుంది.

"తాగతన్నాను తల్లీ. తగ్గించినాను గానీ మాననేదు. ఇయ్యాల పొద్దున కూడా తాగినాను" అంది.

నేను సుప్రియ ముఖమే చూస్తున్నాను. ఒక్క మాట తూలితే ఆ క్లినిక్ గుమ్మం మళ్ళీ తొక్కకూడదని అప్పటికే అనుకుని ఉన్నాను. ఆ పిల్ల లైటు కిందకి లాగి, అద్దం చేతిలోకి తీసుకుంది.

"చెప్పావు కదా, అది చాలు. ఎలా తగ్గించావో నాకు చెప్పు, మిగతాది కలిసి చూద్దాం. ముందు అంగుడు చూపించు" అంది.

నూకాలమ్మ నోరు తెరిచింది.